సరోజన పిడికిలి

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలె. ఒత్తు ఎక్కడ పెట్టాలె, దీర్ఘం ఎక్కడ తీయాలె అంటే నాకు ఇంకా తడబాటే. యాభై నాలుగేండ్లకు పలక పట్టిన మనిషిని. ఒక పేజీ నిండాలంటే నాకు ఒక పూట పడుతది. ఈ కొన్ని పేజీలకే చలికాలం సగం అయిపోయింది. తప్పులుంటే మీరే సర్దుకొని చదువుకోండి. నా వేళ్ళు పట్టుకొని అ ఆలు దిద్దించింది నా బిడ్డ సరోజన. ఆ దిద్దించిన చెయ్యి గురించే ఈ ముచ్చట.

సరోజన యాభై ఆరు జనవరిలో పుట్టింది. అప్పటికి మాది ఇంకా హైదరాబాద్ రాష్ట్రమే. నా పెనిమిటి పోశం బెల్లంపల్లిలో బొగ్గుబాయిలో దిగేటోడు. కార్మికుల లైన్లలో మాకు ఒక అర్ర, అంటే ఒకటే గది, ముందర ఇంత అరుగు. నాకు అది తొలి కాన్పు. అవ్వగారింట్లో ఎవరూ లేరు కాబట్టి పురుడు పోయడానికి మా అత్త బుచ్చవ్వ మంథని దగ్గరి పల్లె నుంచి వచ్చింది.

మా దిక్కు బాలింతకూ పసిగుడ్డుకూ చలి తగలకుండా నులక మంచం కింద కుంపటి పెడుతరు. పిడకల నిప్పు వేసి, పైన బూడిద కప్పి, ఇంత వాము చల్లుతరు. పిడక నిప్పు మెత్తటిది. దాని పాటికి అది మెల్లగా ఆరిపోతది. మా అత్త ముగ్గురు బిడ్డలకు, ఇద్దరు కోడండ్లకు అట్లనే పురుడు పోసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

కానీ లైన్లలో పిడకలు ఎక్కడివి? ఇంటి ముందర బొగ్గు కుప్ప ఉంటుండె. అందరి ఇండ్లలో అదే కాలేది. మా అత్త ఇరుగుపొరుగును చూసి, బయట అరుగు మీద బొగ్గు రాజేసి, పొగంతా పోయినంక కుంపటిలోకి ఎత్తి, పిడకలకు కప్పినట్టే బూడిద కప్పి మంచం కింద పెట్టింది. పిడక వేసినప్పటి నుంచి చల్లారుతది. బొగ్గు వేసినప్పటి నుంచి ఎక్కుతది. పల్లె మనిషికి ఆ సంగతి తెలవదు.

తొమ్మిదో రోజు పొద్దున, వెనక తడికల చాటున మా అత్త నాకు నీళ్ళు పోస్తుంది. ఇద్దరం అక్కడనే ఉన్నం. పిల్ల లోపల మంచంలో పడుకొని ఉంది. ముందు నులక కాలిన వాసన వచ్చింది. తరువాత ఏడుపు. నేను తడి చీరతో ఉరికేసరికే మా అత్త నా కంటే ముందు లోపల ఉంది. పిల్ల కుడి చెయ్యి నులక సందులో నుంచి కిందికి జారి ఉండె.

దవాఖానలో ప్రాణం దక్కించిన్రు. చెయ్యి మాత్రం దక్కలేదు. కాలిన చర్మం మానుకుంట మానుకుంట వేళ్ళను అరచేతిలోకి గుంజుకుంది. నాలుగు వేళ్ళూ మడిచి, మీద బొటనవేలు పెట్టి, అంతా కలిపి కుట్టేసినట్టు అయింది. పసిపిల్లలు అందరూ పిడికిలి బిగించే పుడుతరు. నా బిడ్డది మళ్ళా విప్పుకోలేదు.

ఆ పొద్దు నుంచి నేను మా అత్తతో మాట్లాడలేదు. పొయ్యి దగ్గరికి రానియ్యలేదు. అగ్గిపెట్టె ముట్టనియ్యలేదు. పోశం బతిమిలాడిండు, కోపం చేసిండు, నా మనసు కరగలేదు. పిల్లకు అయిదేండ్లప్పుడు ఆయన కామెర్లతో పోయిండు. మా మరుదులు వచ్చి తల్లిని పల్లెకు రమ్మన్నరు. ఆమె పోలేదు. "గా పిల్ల చెయ్యి గట్లున్నంక నేనేడికి పోత?" అన్నది. నేను పొమ్మనలేదు, ఉండుమనలేదు. నేను గుత్తేదారు కింద బొగ్గులో రాళ్ళు ఏరే పనికి పోతుంటి. పిల్లను చూసేది ఆమెనే.

ఒక్క అర్రలో ఇద్దరం ఆడోళ్ళం, మధ్యల పిల్ల. మా మాటలన్నీ ఆ పిల్లనే మోసేది. కన్నతల్లిని నన్ను అవ్వ అనేది, మా అత్తను బాపమ్మ అనేది.

"సరోజనా, గంజి గక్కడ పెట్టిన అని మీ బాపమ్మకు చెప్పు."

"బాపమ్మా, గంజి గక్కడ పెట్టిందట."

"విన్న బిడ్డా, నా చెవులు మంచిగనే ఉన్నయి. ఉప్పు తక్కువైందని మీ అవ్వకు చెప్పు."

"కాళ్ళు సుత మంచిగనే ఉన్నయి గద, పోయి వేసుకొమ్మను."

"ఉప్పు గురిగి పొయ్యి పక్కకున్నది. పొయ్యికాడికి రానిస్తదా అని అడుగు."

నేను లేచి ఉప్పు తెచ్చి ఆమె ముందర పెట్టేదాన్ని. సరోజన ఇద్దరి దిక్కు చూసి, "మీరిద్దరు తిట్టుకుంటే తిట్టుకోరాదుండ్రి. నాతోని ఎందుకు తిట్టిపిస్తరు?" అనేది.

బడిలో పిల్లలు దాన్ని ఏడిపించేవాళ్ళు. "నీ పిడికిట్ల ఏం దాచినవే?" అని అడిగేవాళ్ళు. అది "చెప్ప" అనేది. ఒకనాడు నన్నే అడిగింది: "అవ్వా, నిజంగ ఇందుల ఏమన్న ఉన్నదా?" ఎడమ చేత్తో పలక మీద రాసేది. ఎడమ చేత్తో తినేది. పెండ్లిళ్ళలో బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు.

అరవై మూడులో క్రిస్మస్ పండుగకు మా వెనక లైనుకు రిబ్కమ్మ వచ్చింది. ఆమె కరీంనగర్ దిక్కున ఒక మిషన్ దవాఖానలో నర్సు. ఆమె అన్న యెషయా పోశంతోటే బాయిలో దిగేటోడు. పిల్ల చెయ్యి చూసి ఆమె మా అరుగు మీదనే కూర్చున్నది.

"సారక్కా, జనవరిల మా దవాఖానకు సముద్రం అవుతలి నుంచి డాక్టర్లు వస్తున్నరు. కాలి అతుక్కపోయిన పిల్లలను బాగుచేస్తరు. వాళ్ళ దేశంల సెలవు పెట్టుకొని, వాళ్ళ ఖర్చుతోని వస్తున్నరు. మూడు వారాలే ఉంటరు. ఇప్పుడు చూపియ్యకపోతే పిల్ల ఎముకలు గట్లనే వంకరగ గట్టిపడుతయి."

"మళ్ళ కోస్తరా?"

"కోస్తరు. తొడ మీది చర్మం తీసి చేతికి అతికిస్తరు. పిల్లకాడ ఒక్కరు ఉండాలె, మూడు వారాలు."

నేను వారం దినాలు పనికి పోకపోతే నా జాగలో ఇంకొకరు నిలబడుతరు. ఆ పని పోతే మాకు తిండి లేదు. నేను ఆలోచన చేస్తుంటే గడప దగ్గర నుంచి మా అత్త అన్నది: "సరోజనా, నేనుంట అని మీ అవ్వకు చెప్పు."

"ఒక్కసారి ఉన్నది చాలని చెప్పు" అన్న నేను.

పిల్ల ఆ మాట మోయలేదు. తల వంచుకొని కూర్చున్నది. రిబ్కమ్మ నా దిక్కు చూసి, "నీ పంతం పిల్ల చేతికంటె పెద్దదా సారక్కా? జర చెప్పు, తెలుసుకుంట" అన్నది. మరునాడు పోయి గుత్తేదారును రెండు రోజుల సెలవు అడిగిన.

ముగ్గురం పెద్దపల్లి దాక రైలులో, అక్కడి నుంచి బస్సులో పోయినం. నాకు రెండు రోజులే సెలవు. దవాఖాన వరండా నిండా పిల్లలే. జైనూరు కొండల నుంచి వచ్చిన ఒక పిల్లకు గడ్డం రొమ్ముకు అతుక్కపోయి ఉండె. ఆ పిల్ల ఆకాశం చూడాలంటే వెల్లకిల పండుకోవాల్సిందే.

పెద్ద డాక్టరు పొడుగు మనిషి, ముసలాయన, ముఖం ఎండకు ఎర్రగా కమిలి ఉంది. సరోజన పిడికిలిని రెండు చేతులతో పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసిండు. తరువాత ఏదో అడిగిండు. రిబ్కమ్మ మాకు చెప్పింది: "ఎట్ల కాలిందని అడుగుతున్నడు."

"నిప్పుల పడ్డది" అన్న నేను. ఊరి ముందట మా ఇంటి సంగతి ఎందుకని.

మా అత్త ముందుకొచ్చింది. "సిస్టరమ్మా, పడలే. నేనే కాల్చిన. మంచం కింద పిడకల లెక్కన బొగ్గు పెట్టిన. దొరకు ఉన్నదున్నట్టు చెప్పు."

రిబ్కమ్మ చెప్పింది. ఆయన విని, ముసలామె దిక్కు చూసి, నెమ్మదిగా నాలుగు మాటలు అన్నడు. "వాళ్ళ దేశంల చలి ఇంకా పెద్దదట. పసిపిల్లల పక్కల వేడి ఇటుకలు పెడుతరట. చలి నుంచి కాపాడబోయి కాల్చుకున్న పిల్లలను ఆయన అక్కడ సుత చూస్తడట" అని రిబ్కమ్మ చెప్పింది. తరువాత ఆయన "నీ చేతులు చూపించు" అన్నట్టు సైగ చేసిండు. మా అత్త చేతులు వెనక్కు పెట్టుకుంది. ఆయన ఊరుకోలేదు. విప్పి చూస్తే రెండు అరచేతులూ నున్నగా మెరుస్తున్నయి, గీతలు లేవు. ఆనాడు పిల్ల చెయ్యి తియ్యడానికి కాలుతున్న నులకను వట్టి చేతులతో తెంపింది కదా. ఎనిమిదేండ్లు ఒక్క అర్రలో ఉండి నేను ఆ చేతులు చూడలేదు. చూడలేదని రాస్తే అబద్ధమైతది. చూసిన, పట్టించుకోలేదు.

మరునాడు ఆపరేషన్. డాక్టరు ముందు పిల్ల చేతి మీద నీలి రంగుతో గీతలు గీసిండు. చర్మం ఎంత కావాలో గుడ్డ ముక్క కత్తిరించి, తొడ మీద పెట్టి కొలుచుకున్నడు. "రవిక కుట్టే దర్జీ లెక్క ఉన్నడు గద బాపమ్మా" అన్నది సరోజన. దానికి భయం లేదు. భయమంతా మాదే.

బయటికి తెచ్చేసరికి పిల్ల మత్తులో ఉంది. చెయ్యి మోచేతి దాక కట్టు. నా బస్సు యాళ్ళ అయింది. మా అత్తకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నయి: కట్టు తడవనియ్యకు, దాన్ని ఒంటరిగా వదిలి పోకు, నిప్పు దగ్గరికి పోనియ్యకు. కానీ మా మధ్యల మాట మోసేది మత్తులో పడుకొని ఉంది. బట్టల మూట ఆమె కాళ్ళ దగ్గర పెట్టి వచ్చేసిన.

ఆ మూడు వారాలు నేను రాళ్ళు ఏరిననో బొగ్గే ఏరి పారేసిననో తెలియదు. మళ్ళీ పోయేసరికి కట్టు విప్పి ఉంది. నా బిడ్డ అరచెయ్యిని, అది పుట్టిన తొమ్మిది రోజుల తరువాత, మళ్ళా అప్పుడే చూసిన. అతికిన చర్మం వేరే రంగులో ఉంది, చుట్టూ కుట్ల గుర్తులు. చెయ్యి చెక్క మీద చాపి కట్టి ఉంది.

"ఏం లేదవ్వా" అన్నది సరోజన. "పిడికిట్ల ఏం లేకుండె. ఖాళీ."

డాక్టర్లు మూటలు సర్దుకుంటున్నరు. పోయే ముందు పెద్ద డాక్టరు రిబ్కమ్మతో చెప్పించిండు: "మేము చేసింది సగమే. మిగతా సగం మీ ఇంట్ల. చెయ్యి చాపి ఈ చెక్కకు కట్టే ఉంచాలె. పూటకు ఒకసారి విప్పి, వేళ్ళు కదిలించి, మళ్ళీ కట్టాలె. వదిలేస్తే కొత్త చర్మం సుత ముడుచుకుంటది. వచ్చే జనవరికి మళ్ళీ వస్తం. అప్పటికి చెయ్యి చాచి ఉంటే బొటనవేలు కూడా సరిచేస్తం. ముడుచుకుంటే ఇంక మా చేతుల ఏం లేదు."

ఇంటికొచ్చినంక కట్టేదీ విప్పేదీ మా అత్తనే. దవాఖానలో చూసి నేర్చుకుంది. పిల్ల ఏడ్చినా వదిలేది కాదు. "ఏడు బిడ్డా, మంచిగ ఏడు. ఏడ్సుకుంటనే చెయ్యి ఇటియ్యి" అనేది. నాకు లోపల మంటగా ఉండేది. కాల్చిన మనిషే పిల్లను ఏడిపిస్తుంది కదా అని.

కాముని పున్నమి దగ్గర పడ్డది. అదే యాళ్ళకు పల్లెలో మా అత్త చెల్లె చనిపోయిందని కబురు వస్తే ఆమె దినాలకు పోయింది. పోయేటప్పుడు గడపలో నిలబడి, "చెక్క విప్పొద్దని మీ అవ్వకు చెప్పు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. పిల్ల నాకు చెప్పింది కూడా.

పున్నమి ముందర లైన్లలో పిల్లలంతా కోలలు పట్టుకొని జాజిరి ఆడుతరు. ఇంటింటికీ పోయి, పాడుకుంట కోలలు కొడుతరు. సరోజన ఎన్నడూ ఆడలేదు. ఒక్క చేత్తో కోలాటం ఎట్ల ఆడుతది?

"అవ్వా, ఇప్పుడు నాకు రెండు చేతులున్నయి. ఒక్కపూట ఆడుత. కోల పట్టుకొని చూపిస్త వాళ్ళకు. చెక్క విప్పవా?"

అది ఏడ్చింది. చెమటకు కట్టు కింద దురద పెడుతుందన్నది. నేను విప్పిన. పొద్దుగూకంగ లైనంతా తిరిగి ఆడింది. ఎనిమిదేండ్లలో దాని ముఖంలో ఆ వెలుగు నేను చూడలేదు. ఒక్కపూట అన్నది అయిదు రోజులైంది. కోల చుట్టూ వేళ్ళు బిగించి, బిగించి, చెక్క మళ్ళీ కట్టబోతే వేళ్ళు చాచుకోలేదు. బలవంతంగా చాపితే కొత్త చర్మం పగిలి నెత్తురు వచ్చింది. గుడ్డ చుట్టి, ఎవరికీ చెప్పకుండ పనికి పోయిన.

మా అత్త వచ్చింది. మూట దించకముందే "చెయ్యి చూపియ్యి" అన్నది.

"ఏం కాలే బాపమ్మా" అన్నది సరోజన, చెయ్యి వెనక్కు దాచుకొని. దాచుకునుడు కూడా మా అత్త నుంచే నేర్చింది.

ఆమె గుడ్డ విప్పి చూసింది. మూడు వేళ్ళు సగానికి పైగా లోపలికి వంగి ఉన్నయి. ఆమె పిల్ల చెయ్యి ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. నేను గోడకు ఆనుకొని నిలబడి, ఇప్పుడంటదో అప్పుడంటదో అని చూస్తున్న. ఎనిమిదేండ్ల మాటలు ఆమె నోట్లో ఉన్నయి. నేను అన్న ఒక్కొక్కటీ నాకే తిప్పి అనవచ్చు. ఆమె గుడ్డ కొసతో పగిలిన జాగ చుట్టూ తుడిచింది.

"అత్తా" అన్న నేను. "నేనే విప్పిన. ఆడుకుంటనని ఏడిస్తే విప్పిన."

ఆమె అలవాటు కొద్దీ పిల్ల దిక్కు చూసింది, మాట అటు నుంచి వస్తదని. పిల్ల నోరు తెరుచుకొని నన్నే చూస్తుంది. అప్పుడు ఆమె నా దిక్కు తిరిగింది.

"పిల్ల ఏడ్సిందని విప్పినవు. నువ్వు వణుకుతున్నవని నేను పెట్టిన" అన్నది. అంతే.

ఈ మాట నేను మొదటనే రాయాల్సి ఉండె. చెయ్యి రాలేదు. ఆ తొమ్మిదో రోజు పొద్దున మా అత్త కుంపటిలో నాలుగు బొగ్గులే వేసింది. "అత్తా, చలి పెడుతుంది, ఇంకిన్ని వేయి" అన్నది నేను. రెండుసార్లు అన్న. ఆమె ఇంకిన్ని వేసింది. ఆ సంగతి ఆమె తన కొడుకుకు చెప్పలేదు. రిబ్కమ్మకు చెప్పలేదు. డాక్టరు అడిగితే అంతా తన మీదనే వేసుకుంది. నేను పొయ్యి దగ్గరికి రానియ్యకపోయినా, పిల్ల నోటితో తిట్టిపించినా, ఒక్కసారి "నువ్వే అడిగినవు గదనే" అనలేదు. ఆ మాట నాకు యాదికి ఉన్నదని ఆమెకు తెలుసు. ఆమెకు యాదికి ఉన్నదని నాకు తెలుసు.

కొంచెంసేపటికి ఆమె లేచింది. "ఏడుసుకుంట కూసుంటే వేళ్ళు సాగుతయా? అగ్గిపెట్టె ఇటియ్యి" అన్నది.

నేను అగ్గిపెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టిన. గీతలు లేని ఆ అరచెయ్యి నా వేళ్ళకు తాకింది.

ఆమె పొయ్యి రాజేసింది. నీళ్ళు కాగబెట్టింది. గోరువెచ్చని నీళ్ళలో పిల్ల చెయ్యి నానబెట్టి, నువ్వుల నూనె రాసి, ఒక్కొక్క వేలూ మెల్లగా సాగదీసింది. చర్మం పగిలిన జాగ మానేదాక పది రోజులు అంతే. తరువాత వేడినీళ్ళతో జొన్నపిండి కలిపి ముద్ద చేసి పీట మీద పెట్టింది.

"రొట్టె కొట్టు."

"నాకు రాదు బాపమ్మా."

"రాకనే కొట్టు. అరచెయ్యి చాచకపోతే రొట్టె చినుగుతది. చినిగిందే నువ్వు తినాలె."

వెచ్చటి పిండి మీద చెయ్యి నొప్పి తక్కువ పెడుతదని ఆమె ఎట్ల కనుక్కుందో. రొట్టె పరచుకోవాలంటే చెయ్యి పరచక తప్పదు. మొదటి రొట్టెలు కుక్కకు వేస్తే వాసన చూసి పోయింది. "కుక్కకు సుత తెలివున్నది" అన్నది మా అత్త. పిల్ల ఉడుక్కొని ఇంకొకటి కొట్టింది. దినాం నాలుగు రొట్టెలు. రొట్టె అయినంక మళ్ళీ చెక్క. ఎండాకాలం పోయింది, వానలు పోయినయి, బతుకమ్మ పోయింది. దీపావళి యాళ్ళకు రొట్టె పెంక మీద పడేటప్పుడు చినుగకుండ పడ్డది. మా అత్త పొయ్యి దగ్గర, పిల్ల పీట దగ్గర, నేను బయట బొగ్గు పగలగొట్టుకుంట, మాట్లాడుకునేవాళ్ళం. సరోజన ఎప్పుడన్న "ఇప్పుడు నాకు పనే లేకుండ చేసిన్రు" అనేది.

జనవరిలో మళ్ళీ ముగ్గురం పోయినం. గుత్తేదారును బతిమిలాడుకొని నేను నాలుగు రోజులు సెలవు తెచ్చుకున్న. పెద్ద డాక్టరు అదే వరండాలో ఉన్నడు, ఇంకా ముసలోడై. చెయ్యి చూపించకముందే మా అత్త మూట విప్పి సరోజన కొట్టిన రొట్టె ఆయన బల్ల మీద పెట్టింది. తడి చేత్తో అద్దిన వేళ్ళ గుర్తులు దాని మీద ఉన్నయి. ఆయన వంగి చూసిండు. మూడు వేళ్ళు నిండుగా, చిటికెన వేలు సగమే, బొటనవేలు అంచు మీద. ఆయన తన తెల్లటి చెయ్యి ఆ గుర్తుల పక్కన ఆనించి చూసుకున్నడు. తరువాత సరోజన చెయ్యి పట్టుకున్నడు. అది చాచింది. "రేపు బొటనవేలు చేస్తం" అని రిబ్కమ్మ చెప్పింది. చెప్పుకుంట కండ్లు తుడుచుకుంది.

ఆయన పోయినేటి కాగితం తీసి చూసుకుంటుంటే నేను ముందుకు పోయిన.

"సిస్టరమ్మా, పోయినేడు మా అత్త చెప్పింది సగమే. బొగ్గులు ఇంకిన్ని వేయమన్నది నేను. అది సుత దొరకు చెప్పు. కాగితం మీద మా అత్త ఒక్కదాని పేరే ఉంటే నా పేరు సుత రాసుకొమ్మను."

రిబ్కమ్మ చెప్పింది. మా అత్త "ఇప్పుడెందుకే గవన్నీ" అని నా కొంగు గుంజింది. డాక్టరు కలం తీయలేదు. కాగితం పక్కన పెట్టి, రొట్టె అంచు తుంచి నోట్లో వేసుకొని, నమిలి, ఏదో అన్నడు. రిబ్కమ్మ నవ్వింది.

"ఏమన్నడు?" అన్నది మా అత్త.

"ఉప్పు తక్కువైందట."

మా అత్త నా దిక్కు తిరిగి, "విన్నవా?" అన్నది.

బొటనవేలు విడి వచ్చింది. చిటికెన వేలు మాత్రం ఇప్పటికీ ఇంత వంకరే. సరోజన పదేండ్లకు కుడి చేత్తో కలం పట్టింది. మా అత్త బుచ్చవ్వ అరవై ఎనిమిది చలికాలంలో పోయింది. పోయేదాక మా పొయ్యి ఆమె చేతిలోనే ఉండె.

ఆరెపల్లి సారక్క, అరవై ఆరేండ్లు. ఇప్పుడు మంచిర్యాలలో నా బిడ్డ సరోజన ఇంట్లో ఉంటున్న.